జిరానా, అజూరా, లీనియరా, లేక గిట్‌హబ్ చాలా? టీమ్ పనితీరు కొలవడానికి ఏది ఎవరికి సరిపోతుంది

సాఫ్ట్‌వేర్ టీమ్ పనుల్ని కార్డులుగా బోర్డు మీద పెట్టి ట్రాక్ చేసే జిరా, అజూర్ లాంటి టూల్స్‌లో ఏది తీసుకుంటే మా టీమ్ పర్ఫార్మెన్స్ సరిగ్గా తెలుస్తుంది అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే, మీ దగ్గర కార్డు ఎవరు కదుపుతారు, ఎప్పుడు కదుపుతారు? మిగిలిన పనిని రోజురోజుకీ చూపే బర్న్‌డౌన్ గానీ వెలాసిటీ గానీ సైకిల్ టైమ్ గానీ, ఈ చార్టులన్నీ చూపించేది కార్డు ప్రయాణాన్ని, పని ప్రయాణం వాటికి తెలియదు. సోమవారం మొదలైన పని బుధవారం స్టాండప్‌లో, అంటే రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్‌లో, గుర్తొచ్చి ఇన్ ప్రోగ్రెస్‌లోకి లాగి, గురువారమే అయిపోయినదాన్ని మళ్ళీ వారం, జరిగిన పనిని వెనక్కి చూసుకునే రిట్రో మీటింగ్ ముందు గబగబా డన్‌లో పడేస్తే, ఆ సైకిల్ టైమ్ మొదలూ తప్పే చివరా తప్పే, దాని మీద ఎన్ని రంగుల డ్యాష్‌బోర్డులు కట్టినా కాకిలెక్కలే. అందుకే కింద రాసిన పోలిక అంతా, పనికీ కార్డుకీ మధ్య ఎడం ఏ టూల్‌లో తక్కువుంటుంది అన్న లెక్కలోనే చూశాను. ఫీచర్ల పట్టికలు కావాలంటే ఆ కంపెనీల సైట్లలోనే బోలెడు ఉంటాయి, ప్రతి గడిలోనూ టిక్కు మార్కుతో సహా.

టూల్ కంటే ముందు: ఏం కొలుస్తారు?

వెలాసిటీ సంగతి ముందు తేల్చేద్దాం, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి కాబట్టి. రెండు వారాల్లాంటి చిన్న గడువుని స్ప్రింట్ అంటాం, పని ఎంత పెద్దదో టీమ్ వేసుకునే అంచనా మార్కుల్ని స్టోరీ పాయింట్లు అంటాం, స్ప్రింట్‌లో పూర్తయిన పాయింట్ల మొత్తాన్ని వెలాసిటీ అంటాం. స్ప్రింట్లుగా పనిచేసే స్క్రమ్ పద్ధతిలో ఉన్నాం కాబట్టి ఇది తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు గానీ 2020 స్క్రమ్ గైడ్ మొత్తం తిరగేసినా వెలాసిటీ గురించి గానీ స్టోరీ పాయింట్ల గురించి గానీ ఒక్క ముక్క దొరకదు, బర్న్‌డౌన్, పూర్తయిన పని పెరగడం చూపే బర్నప్, ఒక్కో దశలో ఎంత పని ఉందో చూపే క్యుములేటివ్ ఫ్లో లాంటి చార్టులు ఉపయోగపడతాయని మాత్రం ఉంటుంది. స్టోరీ పాయింట్లు బహుశా నేనే కనిపెట్టానేమో అనే రాన్ జెఫ్రీస్ కూడా 2019లో, అదే నిజమైతే ఇప్పుడు సారీ చెప్తున్నా అని రాసేశాడు. అలాగని వెలాసిటీ పనికిరానిది కాదు, అదే మనుషులున్న అదే టీమ్ వచ్చే స్ప్రింట్‌కి ఎంత పని ఎత్తుకోవచ్చో అంచనా వేసుకోడానికి బాగానే పనికొస్తుంది. అంతకుమించి వాడితే చెడుతుంది. ఏ టీమ్‌కో 40 పాయింట్లు, ఇంకో టీమ్‌కి 65 వచ్చాయని పక్కపక్కన స్లైడ్‌లో పెట్టారనుకోండి, ఒక టీమ్ లాగిన్ స్క్రీన్‌కి 3 ఇస్తే ఇంకో టీమ్ అదే స్క్రీన్‌కి 8 ఇస్తుంది, ఇందులో పోల్చడానికి ఏముంది? వచ్చే క్వార్టర్‌కి వెలాసిటీ 20 శాతం పెంచండి అని పైనుంచి మెయిల్ వస్తే ఇంకా సులువు, నిన్నటిదాకా 3 అనుకున్నవన్నీ ప్లానింగ్ మీటింగ్‌లో 5 అయిపోతాయి, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, చార్టు దానంతటదే ఎక్కుతుంది, కస్టమర్‌కి మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. బ్రిటన్ ఎకనమిస్టు చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో డబ్బు విధానం గురించి చెప్పిన సూత్రం ఇక్కడ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, ఏ కొలతనైతే టార్గెట్ చేస్తామో అది కొలతగా పనికిరాకుండా పోతుంది.

రెండోది ఫ్లో కొలతలు. సైకిల్ టైమ్ అంటే పని మొదలెట్టినప్పటి నుంచి అయ్యేదాకా పట్టిన రోజులు, త్రూపుట్ అంటే వారానికి ఎన్ని కార్డులు అయ్యాయి, విప్ అంటే ఒకేసారి చేతిలో ఎన్ని ఉన్నాయి, ఏజ్ అంటే ఇంకా అవ్వని కార్డు ఎన్ని రోజుల నుంచి ముక్కుతోంది. నా ఓటు వీటికే. పాయింట్లు అక్కర్లేదు, మొదలుపెట్టిన తేదీ అయిన తేదీ ఉంటే చాలు. ఒక చిన్న లెక్క చూడండి. పది కార్డులకి పట్టిన రోజులు ఇలా ఉన్నాయనుకుందాం: 1, 1, 2, 2, 3, 3, 4, 5, 8, 21. సగటు తీస్తే 5 రోజులు. కానీ పదిలో ఆరు కార్డులు 3 రోజుల్లోపే అయిపోయాయి, పదిలో ఎనిమిది 5 రోజుల్లోపు, తొమ్మిది 8 రోజుల్లోపు. ఆ ఒక్క 21 రోజుల కార్డు సగటుని పైకి లాగేసింది. ఇది ఎన్ని రోజుల్లో అవుతుంది అని ప్రోడక్ట్ వాళ్ళు అడిగితే సగటు 5 అని చెప్పేకంటే, ఇలాంటివి పదిలో తొమ్మిది 8 రోజుల్లోపు అవుతున్నాయి అని చెప్తే మాట నిలబడుతుంది. కాబట్టి టూల్ చూసేటప్పుడు అది సగటు ఒక్కటే చూపిస్తుందా పర్సంటైల్, అంటే ఈ పదిలో తొమ్మిది లాంటి లెక్క, కూడా ఇస్తుందా అని చూసుకోండి, డెమోలో ఎవరూ అడగరు గానీ అడగాల్సింది ఇదే.

విప్ విషయంలో 1961లో జాన్ లిటిల్ నిరూపించిన లెక్క ఒకటి ఉంది, చేతిలో ఉన్న కార్డుల్ని వారానికి అయ్యే కార్డులతో భాగిస్తే ఒక్కో కార్డుకి సగటున పట్టే సమయం వస్తుంది. 12 కార్డులు తెరిచి పెట్టుకుని వారానికి 4 మాత్రమే మూస్తుంటే సగటున 3 వారాలు, అదే 6 తెరిస్తే వారంన్నర, అది కూడా ఎవరూ ఒక్క గంట ఎక్కువ పనిచేయకుండా. పని నిలకడగా సాగుతున్నంత కాలం ఈ లెక్క సరిగ్గా నడుస్తుంది, సగం కార్డులు వదిలేసి కొత్తవి తెరుస్తూ పోయే టీమ్‌లో నడవదు.

మూడోది డోరా కొలతలు, నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ వాళ్ళ రీసెర్చి నుంచి వచ్చినవి, ఆ డోరా కంపెనీని గూగుల్ 2018లో కొనేసింది. ఎంత తరచుగా ప్రొడక్షన్‌కి, అంటే కస్టమర్లు వాడే చోటికి, డిప్లాయ్ చేస్తున్నారు, కమిట్ చేసిన, అంటే రాసి భద్రపరిచిన, కోడ్ ప్రొడక్షన్‌కి చేరడానికి ఎంతసేపు, డిప్లాయ్ చేసినవాటిలో ఎన్ని పాడయ్యాయి, పాడైతే కోలుకోడానికి ఎంతసేపు. ఇవి మంచి కొలతలే గానీ కార్డుల టూల్ ఒక్కదాని వల్ల రావు, డిప్లాయ్ పైప్‌లైన్ నుంచీ ఇన్సిడెంట్ల నుంచీ డేటా రావాలి. జిరా కొంటే డోరా వచ్చేస్తుంది అని ఎవరైనా అమ్మజూపితే పైప్‌లైన్ కనెక్ట్ చేసి చూపించమనండి.

ఇక టూల్స్

జిరా. 2002 నుంచి ఉంది, రిపోర్టులు దీనికున్నన్ని ఎవరికీ లేవు, బర్న్‌డౌన్, స్ప్రింట్ రిపోర్ట్, వెలాసిటీ, క్యుములేటివ్ ఫ్లో, కంట్రోల్ చార్ట్ అన్నీ కొత్త ప్లగిన్ లేకుండానే వస్తాయి. దీని బలమూ జబ్బూ రెండూ ఒకటే, వర్క్‌ఫ్లో ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. ఒక్కో కంపెనీలో చూస్తే పధ్నాలుగు స్టేటస్‌లు ఉంటాయి, టెస్టింగ్ ఒక్కదానికే రెడీ ఫర్ క్యూఏ, ఇన్ క్యూఏ, క్యూఏ పాస్డ్, క్యూఏ పాస్డ్ పెండింగ్ యూఏటీ, ఇలా పోతూనే ఉంటుంది, అన్నిసార్లు ఎవరు కదుపుతారండీ, రెండు మూడు స్టేటస్‌లు ఒకే నిమిషంలో దాటేస్తారు, హిస్టరీ తెరిచి చూస్తే క్యూఏలో ఆ కార్డు పదకొండు సెకన్లు ఉన్నట్టుంటుంది.

జిరా అంకెలు నమ్మేముందు కొన్ని సంగతులు తెలియాలి. బోర్డులో అన్నిటికంటే కుడి పక్కనున్న కాలమ్‌లోకి వచ్చిందే స్ప్రింట్ రిపోర్టుల దృష్టిలో పూర్తయినట్టు లెక్క. మీ చివరి కాలమ్ రిలీజ్డ్ అయ్యి, రిలీజ్ నెలకోసారి జరుగుతుంటే, రెండు వారాల స్ప్రింట్ బర్న్‌డౌన్ చివరిదాకా అడ్డగీతలా పైనే ఉంటుంది, టీమ్ ఎంత చేసినా సరే. అదే కాలమ్‌కి డన్‌తో పాటు వోంట్ డూ కూడా మ్యాప్ చేసి ఉంటే చెత్తబుట్టలో వేసినవి కూడా పూర్తయిన పని కింద కలిసిపోతాయి. వెలాసిటీ చార్టులో బూడిద రంగు బార్ అంటే స్టార్ట్ స్ప్రింట్ బటన్ నొక్కిన క్షణంలో ఎంత పని ఉందో అది, తర్వాత దూర్చినవి అందులోకి రావు గానీ పూర్తయితే ఆకుపచ్చ బార్‌లోకి మాత్రం వస్తాయి, అందుకే ఆకుపచ్చది బూడిద రంగుదాన్ని దాటిపోయింది అంటే టీమ్ ఇరగదీసింది అనే అర్థం కానక్కర్లేదు, మధ్యలో ఎవరో అర్జెంట్ అని పది టికెట్లు తోసి ఉండొచ్చు. కంట్రోల్ చార్ట్‌లో ఏ కాలమ్‌లు కలిపితే సైకిల్ టైమ్ అనేది మనమే ఎంచుకోవాలి, రివ్యూ కోసం ఎదురుచూసే కాలమ్ తీసేస్తే అంకె ముద్దుగా కనపడుతుంది, తీసేయాలన్న టెంప్టేషన్ కూడా ఉంటుంది. పర్సంటైల్స్, పాత అంకెలతో పదేపదే యాదృచ్ఛికంగా లెక్కేసి ఎప్పటికి అవుతుందో చెప్పే మోంటె కార్లో అంచనాలు కావాలంటే యాక్షనబుల్ ఎజైల్ లాంటి ప్లగిన్ వేసుకోవాలి.

నాకు జిరాలో అన్నిటికంటే నచ్చేది ఏ రిపోర్టూ కాదు. బోర్డు సెట్టింగ్స్‌లో డేస్ ఇన్ కాలమ్ అని ఒకటుంటుంది, అది ఆన్ చేస్తే ప్రతి కార్డు కింద చిన్న చిన్న చుక్కలు వస్తాయి, ఆ కాలమ్‌లో ఎక్కువ రోజులుగా పడుంటే ఎక్కువ చుక్కలు. స్టాండప్‌లో మనిషి మనిషినీ నిన్న ఏం చేశావ్ అని అడిగే బదులు ఎక్కువ చుక్కలున్న కార్డు నుంచి మొదలెట్టండి, అదే ఏజ్ కొలత, పైసా ఖర్చు లేదు. ఇంకోటి, కోడ్‌లో ఆ పనికి విడిగా బ్రాంచ్ తెరవగానే కార్డు ఇన్ ప్రోగ్రెస్‌లోకి, పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పులు చూసి కలపండి అన్న అభ్యర్థన, మెర్జ్ అవ్వగానే తర్వాతి కాలమ్‌లోకి వెళ్ళేలా ఆటోమేషన్ రూల్స్ రాసుకోవచ్చు, రాసుకోవాలి కూడా. అది చేయకుండా జిరా రిపోర్టులు చూడ్డం దండగ. పది మంది లోపు టీమ్‌కి క్లౌడ్ ఫ్రీ. సొంత సర్వర్లో పెట్టుకునే పాత సర్వర్ ఎడిషన్‌కి 2024 ఫిబ్రవరితో సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి పాత సలహాలు చదివి ఆ దారి పట్టకండి.

అజూర్ డెవాప్స్. 2018లో ఈ పేరొచ్చింది, అంతకుముందు విజువల్ స్టూడియో టీమ్ సర్వీసెస్. మైక్రోసాఫ్ట్ లోకంలో ఉన్నవాళ్ళకి ఇది జిరా కంటే మేలని నా ఉద్దేశం, కారణం స్టేట్ క్యాటగిరీలు. మీరు స్టేటస్‌కి ఏ పేరు పెట్టుకున్నా అది ప్రపోజ్డ్, ఇన్ ప్రోగ్రెస్, రిజాల్వ్డ్, కంప్లీటెడ్ లాంటి నాలుగైదు క్యాటగిరీల్లో ఏదో ఒకదాని కింద ఉండాల్సిందే, లీడ్ టైమ్ (కార్డు తయారైనప్పటి నుంచి అయ్యేదాకా), సైకిల్ టైమ్ లెక్కలు ఆ క్యాటగిరీల మీదే నడుస్తాయి, కాలమ్‌లు ఏరుకుని అంకె అందంగా చేసుకునే అవకాశం తక్కువ. వెలాసిటీ విడ్జెట్ కూడా కొంచెం నిజాయితీగా ఉంటుంది, ప్లాన్ చేసింది, టైముకి అయింది, ఆలస్యంగా అయింది, అవ్వనిది అని నాలుగు ముక్కలుగా చూపిస్తుంది. స్ప్రింట్ అయిపోయిన మర్నాడు మూసిన కార్డు ఆలస్యం కిందే పడుతుంది, నిన్నే అయిపోయింది మూయడం మర్చిపోయా అంటే కుదరదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ చార్టుల టూల్ పవర్ బీఐకి డేటా తీసుకెళ్ళడం కూడా సులువే. కోడ్ గిట్‌హబ్‌లో ఉన్నా కమిట్ మెసేజ్‌లో ఏబీ హ్యాష్ పెట్టి పక్కన వర్క్ ఐటమ్ నంబర్ రాస్తే లింక్ అయిపోతుంది. ఇంటర్‌ఫేస్ మాత్రం కొంచెం బరువుగా ఉంటుంది, ఒక్క ఫీల్డ్ మార్చడానికి నాలుగు క్లిక్కులు.

లీనియర్. 2019లో మొదలైన కంపెనీ, స్పీడుకి పేరు. ఇందులో స్ప్రింట్ అనరు సైకిల్ అంటారు, గడువు అయిపోగానే అవ్వని పని దానంతటదే తర్వాతి సైకిల్‌కి జరిగిపోతుంది, ఎవరూ కూర్చుని క్లోజ్ చేయక్కర్లేదు. పుల్ రిక్వెస్ట్‌తో కార్డు కదిలే ఏర్పాటు ఇందులో సెటప్ చేసుకోవడం తేలిక, డెవలపర్లు టూల్ తెరవకుండానే స్టేటస్ మారుతుంది కాబట్టి నేను మొదట్లో చెప్పిన ఎడం ఇందులో తక్కువ. నష్టం ఏంటంటే రిపోర్టులు జిరా అంత లోతుగా ఉండవు, ఇన్‌సైట్స్ అనే అనలిటిక్స్ కావాలంటే పై ప్లాన్‌కి వెళ్ళాలి. అవ్వని పని చడీచప్పుడు లేకుండా జరిగిపోవడం కూడా ఒక్కోసారి ఇబ్బందే, ఒక కార్డు నాలుగు సైకిళ్ళు దొర్లినా ఎవరికీ చురుక్కుమనదు, ఎవరో ఒకరు పనిగట్టుకుని చూడాలి.

గిట్‌హబ్ ప్రాజెక్ట్స్. కోడ్ ఎలాగూ గిట్‌హబ్‌లోనే ఉంది, టీమ్ చిన్నది అనుకుంటే ముందు ఇదే ప్రయత్నించండి. ఇష్యూ, అంటే పనిని నమోదు చేసే టికెట్, మూస్తే కార్డు డన్‌లోకి వెళ్ళడం, పుల్ రిక్వెస్ట్‌లో ఫిక్సెస్ అని ఇష్యూ నంబర్ రాస్తే మెయిన్ బ్రాంచ్‌లోకి మెర్జ్ అవ్వగానే ఇష్యూ మూసుకోవడం, ఇవన్నీ ఉన్నవే. స్ప్రింట్ గడువు పెట్టుకోడానికి ఇటరేషన్ ఫీల్డ్ ఉంది, బర్నప్ లాంటి చార్టులు ఉన్నాయి. సైకిల్ టైమ్ మాత్రం రెడీమేడ్‌గా రాదు, ప్రోగ్రామ్‌తో డేటా తీసుకునే దారి అయిన ఏపీఐ నుంచి లాగి చిన్న స్క్రిప్ట్‌తో లెక్కేసుకోవాలి, అది రాసే మనిషి టీమ్‌లో ఉంటే అసలు సమస్యే కాదు.

గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో వాల్యూ స్ట్రీమ్ అనలిటిక్స్ అని ఉంది, ఇష్యూ, ప్లాన్, కోడ్, టెస్ట్, రివ్యూ, స్టేజింగ్ అని ఒక్కో దశలో ఎంతసేపు పట్టిందో ఇష్యూ, కోడ్ సంఘటనల నుంచే తీస్తుంది. పని ఎక్కడ ఆగుతోందో తెలియాలి అన్నదే మీ ప్రశ్న అయితే ఇంత తక్కువ శ్రమతో జవాబు ఇంకెక్కడా రాదు, కోడ్ అంతా గిట్‌ల్యాబ్‌లో ఉంటేనే సుమా. డోరా చార్టులు కావాలంటే అల్టిమేట్ ప్లాన్ కొనాలి, చిన్న టీమ్‌కి అది మోయలేని భారం.

కార్డుల బోర్డు టూల్ ట్రెల్లోని కొలతల కోసం ఎంచుకోకండి, దాని పని అది కాదు. కాకపోతే కార్డ్ ఏజింగ్ అనే పవర్ అప్ ఒకటి చాలా సరదాగా ఉంటుంది, ఎవరూ ముట్టుకోని కార్డు వారాలు గడిచేకొద్దీ వెలిసిపోతూ ఉంటుంది, పైరేట్ మోడ్ పెడితే పాత నిధి మ్యాపులా పసుపెక్కి చిరుగులు పడుతుంది. అది కార్డుని ఎప్పుడు ముట్టుకున్నారనే చూస్తుంది, ఎవరో పోయి ఒక కామెంట్ పెడితే మళ్ళీ కొత్తదైపోతుంది, ఆ తేడా గుర్తుంచుకుంటే చాలు.

స్ప్రెడ్‌షీట్‌ని తక్కువగా చూడకండి. కార్డు పేరు, మొదలైన తేదీ, అయిన తేదీ, మూడు కాలమ్‌లు, ఒక పర్సంటైల్ ఫార్ములా, అంతే, ఫ్లో కొలతల్లో ముప్పాతిక వంతు వచ్చేస్తాయి. ఐదారుగురి టీమ్‌కి కొత్త టూల్ కొనేముందు ఒక నెల ఇలా రాసి చూసుకుంటే అసలు ఏ అంకె మీద మాట్లాడుకుంటున్నారో తేలిపోతుంది.

మరి ఎవరికి ఏది?

ఇప్పటికే జిరా ఉంటే మార్చకండి. స్టేటస్‌లు ఐదుకి తెగ్గొట్టి, కోడ్‌తో ఆటోమేషన్ కలిపి, చుక్కలు ఆన్ చేస్తే సగం రోగం కుదురుతుంది, కొత్త టూల్‌కి మారితే పాత అలవాట్లు కూడా సామాన్లతో పాటు అక్కడికే వస్తాయి. కొత్తగా మొదలెట్టే చిన్న ప్రోడక్ట్ టీమ్ అయితే గిట్‌హబ్ ప్రాజెక్ట్స్ లేదా లీనియర్, డబ్బు పెట్టగలిగితే లీనియర్. ఆడిట్లు, పర్మిషన్లు, పదిహేను టీమ్‌ల మధ్య డిపెండెన్సీలు ఉన్న పెద్ద కంపెనీకి జిరా లేదా అజూర్, రెండిట్లో మీ లాగిన్లూ కోడూ ఎక్కడున్నాయో దాన్ని బట్టి. సపోర్ట్, ఆపరేషన్స్ టీమ్‌లకి స్ప్రింట్లే అక్కర్లేదు, గడువుల్లేకుండా పని వచ్చినట్టు నడిపే కాన్‌బాన్ బోర్డు, విప్ లిమిట్, ఏజ్, ఈ మూడూ ఉంటే ఏ టూల్ అయినా ఒకటే, వాళ్ళ మీద వెలాసిటీ రుద్దకండి, సోమవారం ఎన్ని టికెట్లు పడతాయో ఎవరికి తెలుసు.

మనిషికిన్ని పాయింట్లు, మనిషికిన్ని టికెట్లు అని తీసే రిపోర్ట్ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ప్రతి టూల్‌లోనూ పని ఎవరి పేరు మీద ఉందో ఏరే అసైనీ ఫిల్టర్ ఉంటుంది, రెండు క్లిక్కుల్లో వచ్చేస్తుంది. మీ టీమ్‌లో అందరూ వెళ్ళి డౌట్లు అడిగే మనిషి ఒకరుంటారు, రివ్యూలు చేస్తారు, రాత్రి ప్రొడక్షన్ పడితే లేస్తారు, వాళ్ళ పేరు మీద మూసిన టికెట్లు లెక్కపెడితే అందరికంటే అడుగున ఉంటారు. ఆ రిపోర్ట్ ఒక్కసారి అప్రైజల్‌లో కనపడిందంటే తర్వాతి స్ప్రింట్ నుంచి పక్కవాడి పుల్ రిక్వెస్ట్ చూసేవాడు దొరకడు, ఒక్క పనిని ఐదు సబ్‌టాస్క్‌లుగా చీల్చే కళ మాత్రం అందరికీ వచ్చేస్తుంది. 2021లో ఫోర్స్‌గ్రెన్ బృందం రాసిన స్పేస్ ఫ్రేమ్‌వర్క్ కూడా ఒక్క యాక్టివిటీ అంకెతో ప్రొడక్టివిటీ తేల్చొద్దనే చెప్పింది, తృప్తి, ఫలితం, సహకారం, అడ్డంకులు లేని పని, వీటితో కలిపి చూడమంది.

ఏది ఎంచుకున్నా ట్రయల్‌లో చేయాల్సిన పరీక్ష ఒకటుంది, డెమో డేటాతో కాకుండా మీ సొంత పనితో రెండు వారాలు నడపండి. తర్వాత అయిపోయిన పది కార్డులు తీసి, ఒక్కోదానికి టూల్ చెప్తున్న మొదలైన తేదీ పక్కన కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో మొదటి కమిట్ తేదీ, అయిన తేదీ పక్కన అసలు డిప్లాయ్ అయిన తేదీ రాయండి. డిజైన్, చర్చ ఎక్కువున్న పనికి కమిట్ కాస్త ఆలస్యంగా వస్తుంది, అది సహజం. కానీ కమిట్లు పడ్డాక మూడు రోజులకి కార్డు మొదలైనట్టు పది కార్డుల్లో ఆరింటికి ఉంటే ఆ టూల్ చార్టులు మీకింకా పనికిరావు, ముందు ఆటోమేషన్ సరిచేసి మళ్ళీ చూడండి. సెలవు రోజుల్ని సైకిల్ టైమ్‌లో కలుపుతోందా లేదా అన్నది కూడా అప్పుడే చూసుకోండి, శుక్రవారం మొదలై సోమవారం అయిన పని ఒక టూల్‌లో 3 రోజులు ఇంకో టూల్‌లో 1 రోజు అవ్వొచ్చు, ఆ తేడా తెలియక పాత టూల్ అంకెల్ని కొత్తవాటితో పోల్చి మా స్పీడు పెరిగిందని మెయిల్ పెట్టేసేవాళ్ళుంటారు.

మారాలని తేల్చుకున్నవాళ్ళకి ఇంకో జాగ్రత్త. మామూలు సీఎస్‌వీ ఎక్స్‌పోర్ట్‌లో కార్డు తయారైన తేదీ, మూసిన తేదీ వస్తాయి గానీ మధ్యలో ఏ స్టేటస్‌లో ఎప్పుడుందో ఆ హిస్టరీ సాధారణంగా రాదు, అంటే లీడ్ టైమ్ మిగులుతుంది, సైకిల్ టైమ్ పోతుంది. పాత అకౌంట్ మూసేలోపే ఏపీఐ ద్వారా స్టేటస్ మార్పుల హిస్టరీ లాగి ఒక ఫైల్లో దాచుకోండి, లేదంటే కొత్త టూల్‌లో మొదటి కొన్ని నెలలు పోల్చుకోడానికి ఏమీ ఉండదు.